పటం లేని పుస్తకాలు పంపగలరు

జూన్ 4

గౌరవనీయులైన బావగారికి,

నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం. మీ చెల్లెమ్మకి నడుంనొప్పి తగ్గింది, నోరు మామూలుగానే ఉంది. ఫోను ఉండగా ఉత్తరమేమిటని అనుకోకండి. ఫోను తీస్తే ఈవిడ లాక్కుని అక్కయ్యగారితో మాట్లాడి పెట్టేస్తుంది, నా పని అలాగే ఉండిపోతుంది.

నా పని పుస్తకాలది. మా లాండ్రీ వెనక ఇస్త్రీ గదిలో సాయంత్రాలు మేం కొందరం కూర్చుని కత్తి-మంత్రం నవలలు చదువుకుంటామని మీకు తెలుసు. నేనూ, వీధి చివరి ప్లంబరూ, పైన మేడ మీది పళ్ల డాక్టరూ ముఖ్యులం. ఒకరు చదువుతారు, నేను ఇస్త్రీ చేస్తాను, మిగతావాళ్లు వేడికి చెమటలు కక్కుతూ వింటారు. ఉన్నవన్నీ తిరగేసి బోర్లేసి చదివేశాం. మాంత్రికుడు తలుపు తెరవకముందే వాడెలా చస్తాడో ప్లంబరు చెప్పేస్తున్నాడు. మొన్న ఆ కోపంతో డాక్టరుగారు రెండు రోజులు రాలేదు.

మీరు పుస్తకాల షాపు నడిపేవారు, ఎవరికి ఏది నచ్చుతుందో మొహం చూసి చెప్పేస్తారట. మాకూ చెప్పండి. నియమాలు ఎక్కువేం లేవు. వీరుడు ఒంటరివాడై ఉండాలి. కత్తి మొదటి పేజీలో కాకపోతే రెండో పేజీలో బయటికి రావాలి. వాడు తన కడుపు కోసమో, పగ కోసమో కొట్లాడాలి గానీ లోకాన్ని ఉద్ధరించకూడదు. కథ ఒక్క పుస్తకంతో అయిపోవాలి. నేను పుట్టి బుద్ధెరిగాక రెండో భాగమన్నది చదవలేదు, చదవను. అన్నిటికన్నా ముఖ్యం, మొదట్లో రాజ్యాలూ కొండలూ గీసిన పటం ఉండకూడదు. మేం వాటిని పటాల పుస్తకాలంటాం. మీరు వీరగాథా ఫాంటసీ అంటారనుకుంటాను. పేరు ఏదైనా, అందులో అందరూ నడుస్తూనే ఉంటారు.

మా గుండీ ఎలా ఉంది? చిన్నప్పుడు కౌంటరెక్కి కూర్చుని, బట్టల నుంచి ఊడిన గుండీలు ఏరుకునేది కాబట్టి దానికా పేరు నిలిచిపోయింది. నేను ఇస్త్రీ చేస్తుంటే ఈ నవలలన్నీ అదే పైకి చదివేది. పెళ్లయ్యాక ఒక్క ఉత్తరం లేదు. అడిగితే, "నువ్వు తప్పులు దిద్ది తిప్పి పంపుతావు నాన్నా" అంటోంది. దిద్దకపోతే ఎలా వస్తుంది?

అల్లుడుగారికి ఆశీస్సులు.

ఇట్లు
మీ బావ


జూన్ 12

ప్రియమైన బావగారికి,

నమస్సులు. మీ ఉత్తరం చూసి నా ప్రాణం లేచొచ్చింది. ఈ రోజుల్లో షాపుకి వచ్చేవాళ్లు దారి అడగడానికి వస్తున్నారు, పుస్తకం అడగడానికి కాదు.

పుస్తకం సిఫారసు చేయడం పెళ్లిసంబంధం చూడడంలాంటిది. అడిగినదే ఇస్తే వాడు అక్కడే ఉండిపోతాడు. మా షాపులో ప్రతి అర కిందా చీటీ అంటిస్తాను, 'ఇది నచ్చితే అది చదవండి' అని. కత్తి-మంత్రం అర కింద చీటీ వీరగాథల వైపు చూపిస్తుంది. ఒంటరి వీరుడితో మొదలుపెట్టినవాణ్ణి మెల్లగా చెయ్యి పట్టుకుని రాజ్యాలూ, వంశాలూ, ధర్మసంకటాల దాకా తీసుకెళ్లాలి. నిజం చెప్పాలంటే ఆ లావు పుస్తకాలన్నీ నేనూ పూర్తిగా చదవలేదు. అమ్మేవాడు అన్నీ చదువుతూ కూర్చుంటే అమ్మేదెప్పుడు?

అందుకని మీ నియమాలు పక్కన పెట్టి, ఒక లావుపాటి వీరగాథ పంపుతున్నాను. పటం ఉంది, క్షమించాలి. మడత పెట్టి ఉంది కాబట్టి విప్పకుండా చదువుకోవచ్చు.

దానితోపాటు టైపు చేసిన కాగితాల కట్ట ఒకటి ఉంది. 'ఉప్పుకొండ వారసురాలు'. కొత్త రచయిత. పేరు బయటపెట్టనని మాటిచ్చాను. కత్తుల నవలలు బాగా తెలిసిన మనిషి చదివి, ఉన్నదున్నట్టు చెప్పాలని రచయిత కోరిక. ఇంకెవరో కాదు, మీరే చదవాలట. అచ్చు వేసేవాళ్లు ఆగస్టు నెలాఖరుకి తుదిప్రతి అడుగుతున్నారు. రెండో భాగం కూడా సగం పైగా అయింది గానీ, మీ మాట వినేదాకా కలం ముట్టనని కూర్చున్నారు. కాబట్టి నా మొహం చూడకండి. మీరు రాసిన ప్రతి అక్షరం నేను చదివి వినిపించాలని నాచేత ఒట్టు వేయించుకున్నారు.

కోడలు బాగుంది. బస్సు డిపోలో టైంటేబుళ్లు తయారుచేసే పని కదా, సాయంత్రం ఇంటికొచ్చాక కూడా మేడ మీద గదిలో టకటకా టైపు కొడుతూనే ఉంటుంది. ఆఫీసు పని అంటుంది. మా వాడు టీ కప్పులు మోస్తున్నాడు.

చెల్లెమ్మకి నా నమస్కారాలు.

మీ
బావగారు


జూలై 1

బావగారికి,

నమస్కారాలు. మొహం చూడొద్దన్నారు కాబట్టి చూడకుండానే రాస్తున్నాను.

లావు పుస్తకం ఇస్త్రీ బల్ల కాలు కిందకి సరిగ్గా సరిపోయింది. చాన్నాళ్లుగా ఊగుతోంది, ఇప్పుడు కదలడం లేదు. కృతజ్ఞతలు.

ఇక కాగితాల కట్ట. ఈ రచయిత ఎవరోగానీ ఆయనకి కత్తి అంటే భయం. రాజు హత్యతో కథ మొదలవుతుంది, బాగానే ఉంది. ఎవరో ఒకరు లేచి హంతకుణ్ణి నరుకుతారనుకుంటాం కదా. లేదు, సభ పెడతారు. పెద్దలందరూ వరసగా మాట్లాడతారు. ఒకాయన మాట్లాడుతుండగా మా పళ్ల డాక్టరు కుర్చీలోంచి ఒరిగిపోయాడు. తర్వాత జోస్యం. ఆ తర్వాత వీరుడు బయల్దేరే ముందు వాళ్లమ్మ దగ్గర సెలవు తీసుకుంటాడు, ఆవిడ చలికోటు వేసుకెళ్లమంటుంది. మాంత్రికుణ్ణి చంపబోయేవాడికి చలికోటేమిటండీ?

ఇందులోనూ పటం ఉంది, ఆ సంగతి సరే. ఆ పటం మీద వీళ్ల ప్రయాణం మరీ ఘోరం. ఎడారి, తుఫాను, దొంగలు, ఏం అడ్డొచ్చినా అందరూ చెప్పిన వేళకి చెప్పిన చోటికి దిగుతారు. ఒక గుర్రం తప్పిపోతే ఇంకో గుర్రం అందుతుంది. ఈ రచయిత జన్మలో ఎప్పుడూ ఆలస్యంగా వెళ్లినట్టు లేడు.

నా సలహా రాసుకోమనండి. పటం చింపేయాలి. సభ తీసేయాలి. జోస్యం తీసేయాలి. వీరుడు మొదటి పేజీలో కత్తి దుయ్యాలి. రెండో భాగం మాట ఎత్తకూడదు. రాజుగారింట్లో బట్టలుతికే పిల్ల ఉంది కదా, చివర్లో అది ఉప్పుకొండ ఎక్కబోతుండగా కథ ఆపేశాడు, అదేం ఆపడం? ఎక్కే శక్తి లేకపోతే అక్కడే చంపేసి పుస్తకం మూసేయాలి. చదివేవాడు ఇంటికి పోయి నిద్రపోతాడు.

బాగున్నది ఒక్క పేజీ. రాజుగారు చనిపోయినప్పుడు వేసుకున్న అంగీని ఆ పిల్ల ఉతుకుతుంది చూశారూ, అది. నెత్తురు మరకని చన్నీళ్లలో నానేసి, దాన్ని పలకరిస్తుంది: "ఎక్కడి నుంచి వచ్చావు, ఎన్నాళ్లుందామని?" మరక జవాబు చెప్తుంది, హంతకుడెవరో తెలుస్తుంది. అక్కడ ప్లంబరు కూడా నోరు మూసుకున్నాడు.

అయితే ఒక సందేహం. మరకని అలా పలకరించేది ఈ లోకంలో నేనొక్కణ్ణే. మా షాపులో నిలబడి వింటే తప్ప ఆ మాట ఇంకొకళ్లకి తెలియదు. ఆ రచయితకి ఎలా తెలిసిందో కనుక్కోండి.

ఇట్లు
మీ బావ


జూలై 3

మహారాజశ్రీ బావగారి దివ్యసముఖానికి,

అనేక నమస్కారాలు. మొన్న రాసిన ఉత్తరం విప్పకుండానే చింపేయండి. జ్వరంలో రాశాను.

రచయిత ఎవరో నాకు అర్థమైంది. పెళ్లి మాటలప్పుడు మీరు మా షాపుకి వచ్చారు. ఒక మూల నిలబడి నేను పని చేస్తుంటే చాలాసేపు చూశారు. ఇంతకంటే విడమరచి చెప్పను. పేరు బయటపెట్టనని మీరు మాటిచ్చారు కాబట్టి నేనూ ఎత్తను. పెద్దమనుషుల మధ్య కొన్ని విషయాలు అలాగే ఉండాలి.

నవల అద్భుతం. సభ మరీ అద్భుతం, ఇంకా కొంచెం ఉంటే బాగుండేదనిపించింది. చలికోటు దగ్గర నాకు మా అమ్మ గుర్తొచ్చింది. మా పళ్ల డాక్టరు ఒరిగిపోయింది తన్మయత్వంతోనని తర్వాత విచారిస్తే తెలిసింది.

సదా మీ విధేయుడు
బావ


జూలై 14

ప్రియమైన బావగారికి,

మీ ఉత్తరాలు రెండూ ఒకేరోజు చేరాయి. నేను మొదటిదే మొదట విప్పాను. ఇచ్చిన మాట ప్రకారం భోజనాల దగ్గర మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి వినిపించాను. చలికోటు దగ్గర మా వాడు నవ్వాడు, వాడికి ఆ రోజు రెండో వడ్డన లేదు. రచయిత సగం తిన్న కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయారు.

తర్వాత రెండోది విప్పి, పరిగెత్తుకెళ్లి అదీ చదివాను. రచయిత ఎవరో మీరే కనిపెట్టేశారని తెలిసి నా గుండెల మీది బరువు దిగింది. దాచడం నావల్ల కావడం లేదు. మీరు మర్యాదగా పేరు ఎత్తలేదు కాబట్టి నేనూ ఎత్తను. ఇలాగే నడిపిద్దాం.

కానీ రచయిత మీ పొగడ్తని నమ్మలేదు. "ఆయన తిట్టాడంటే చదివాడని అర్థం. పొగిడాడంటే, రాసింది ఎవరో తెలిసి జాలిపడ్డాడని అర్థం. మొదటి ఉత్తరమే నిజం" అన్నారు. ఆ ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని, బల్ల ముందు గోడకి అంటించుకుని, ఎర్ర పెన్సిలు చెక్కుకుంటున్నారు. ఆ చెక్కడం చూస్తే నాకు భయంగా ఉంది. మీరే ఒక మంచి మాట, నమ్మేలా రాయండి.

చెల్లెమ్మని అడిగానని చెప్పండి.

మీ
బావగారు


జూలై 25

మహారాజశ్రీ బావగారికి,

మీ ఉత్తరం చదివి నాకు కళ్లనీళ్లు తిరిగాయి. మిమ్మల్ని మీరే 'రచయిత' అని రాసుకుంటూ, 'రచయిత కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయారు' అన్నారే, ఆ ముక్క దగ్గర మీ చెల్లెమ్మ నన్ను చూసిన చూపు పగవాడిక్కూడా వద్దు. "పిల్లనిచ్చుకున్న ఇంటికి ఇలాంటి ఉత్తరం రాస్తారా, బుద్ధుందా" అని పొద్దుటి నుంచీ ఒకటే సాధింపు. టీ కూడా చల్లారిందే ఇచ్చింది.

ఇంక దాపరికాలు వద్దు. మీ నవల చాలా గొప్పది. ఈ వయసులో, ఆ మోకాళ్ల నొప్పులతో, మీరు అన్నన్ని కొండలు ఎక్కించారంటే మామూలు విషయం కాదు. బట్టలుతికే పిల్ల మనసు మీలాంటి పెద్దమనిషికి ఎలా పట్టుబడిందో అని మేమంతా ఆశ్చర్యపోతున్నాం. మీ పటం చూసి ప్లంబరు తన పైపుల పటాలు ఎందుకూ పనికిరావన్నాడు. దీంతోపాటు మా బృందం అభినందన పత్రం జతచేశాను. అందరూ సంతకం పెట్టారు. పళ్ల డాక్టరు పెట్టనని మొండికేస్తే, ఆయన తెల్లకోట్లు ఇక ఇస్త్రీ చేయనన్నాను.

అసలు సంగతి చెప్పేస్తాను. పిల్లనిచ్చినవాడు మగపెళ్లివారి పుస్తకం బాగాలేదంటే, రేపు మా గుండీ మీ ఇంట్లో తలెత్తుకు తిరగాలా వద్దా? దాని కోసమైనా నా మొదటి ఉత్తరం గోడ మీంచి పీకేయండి. దాని కంట పడనివ్వకండి. వాళ్ల నాన్న నోటిదురుసు దానికి కొత్త కాదు గానీ, మామగారిని కూడా వదల్లేదా అని బాధపడుతుంది.

విధేయుడు
బావ


ఆగస్టు 3

బావగారూ,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివి, నీళ్లు తాగి, మళ్లీ చదివాను. నేను ఒకటనుకుంటే మీరు ఇంకొకటి అనుకున్నారు.

ఆ నవల నేను రాయలేదు. నా జన్మలో నేను రాసినవి అరల కింద చీటీలు మాత్రమే. అవి కూడా మీ అమ్మాయే దిద్దుతుంది.

ఇచ్చిన మాట తప్పుతున్నాను. 'ఉప్పుకొండ వారసురాలు' రాసింది మీ గుండీ. మీ కౌంటరెక్కి కూర్చుని మీరు మరకల్ని పలకరించడం విన్నది నేను కాదు, అది. అందరూ వేళకి చేరుతున్నారని వెక్కిరించారే, డిపోలో దాని పనే అది. నాన్న చేత ఒక్కసారి, తన పేరు చూడకుండా, తన రాత చదివించాలని దాని పట్టు. మీరు బాగుందంటే రెండో భాగం ముగించి రెండూ కలిపి ఇచ్చేది. మీ మొదటి ఉత్తరం విన్నాక ఏమైందో చెప్తాను.

మీరన్నవన్నీ వరసగా చేసింది. పటం చింపేసింది. సభ పోయింది, జోస్యం పోయింది, చలికోటు కూడా పోయింది. వీరుడు మొదటి పేజీలోనే కత్తి దూస్తున్నాడు. రెండో భాగం కాగితాలు ఒక్కొక్కటే ఉండ చుట్టి గోనెసంచిలో పడేసింది. ఆ పిల్ల ఇప్పుడు కొండ ఎక్కదు. కొండ కిందే చస్తుంది. ఏమ్మా ఎందుకిలా అంటే, "ఇప్పుడైతే మా నాన్న చివరిదాకా చదువుతాడు మావయ్యా" అంది. మొహంలో ఏడుపు కూడా లేదు. ఉంటే బాగుండేది.

కొత్తప్రతి పంపుతున్నాను. మీకు కావలసిన పుస్తకమే, పటం లేదు. నెలాఖరుకి అచ్చుకి వెళ్లిపోతుంది. గోనెసంచి చిత్తుకాగితాలవాడికి వేసెయ్యమంది. నేను మెట్ల కింద దాచాను. ఇంకెన్నాళ్లు దాచగలనో తెలియదు, ఈ ఇంట్లో నా మాట చెల్లేది చీటీల మీదే.

మీ
బావగారు


ఆగస్టు 11

బావగారికి,

నమస్కారాలు.

కొత్తప్రతి చదివాం. ఇస్త్రీ గది ఊగిపోయింది. ప్లంబరు లేచి నిలబడి విన్నాడు, ఎవరు చస్తారో ఒక్కసారి కూడా ముందే చెప్పలేకపోయాడు. పళ్ల డాక్టరు ఇలాంటివి ఇంకో పది కావాలన్నాడు. ఇన్నాళ్లకి మీరు మాకు సరైన పుస్తకం పంపారని మిమ్మల్ని అభినందించమన్నారు.

నేను మాత్రం ఆ పిల్ల చచ్చే పేజీ దగ్గర ఇస్త్రీ పెట్టె చొక్కా మీదే మరిచిపోయాను. చొక్కా మాడిపోయింది. ఈ గదిలో ఇన్నేళ్లలో ఎన్ని వందల తలలు తెగాయో లెక్కలేదు, ఎప్పుడూ బట్ట మాడలేదు. ఆ పిల్లని చంపమన్నది నేనే. రాసింది ఎవరో తెలియక అన్నానని మీ చెల్లెమ్మతో చెప్పబోతే, "తెలిస్తే ఏమనేవారు, అద్భుతం అనేవారా" అంది.

గుండీకి నా మాటగా ఈ కింది సంగతులు చదివి వినిపించండి, అక్షరం వదలకుండా.

అభినందన పత్రం వెనక్కి తీసుకుంటున్నాను. అది వియ్యంకుడికి ఇచ్చింది, కూతురికి కాదు. సభ నిజంగానే పొడుగు. పెద్దలు అంతమంది అక్కర్లేదు, ఒకళ్లిద్దరు చాలు. జోస్యం నాకు ఇప్పటికీ నచ్చలేదు. చలికోటు మాత్రం తియ్యొద్దు. మొదటిసారి ఎగతాళి చేశాను గానీ, కొత్తప్రతిలో వాడు కోటు లేకుండా బయల్దేరుతుంటే నాకే చలేసింది. అందరూ వేళకి చేరడం అబద్ధమే, అయినా నాకు కావాలి. పటం మళ్లీ పెట్టాలి. అది లేకపోతే ఆ పిల్ల ఇంటి నుంచి ఎంత దూరం వచ్చేసిందో నాకు తెలియడం లేదు.

ఇవేవీ జాలితో అంటున్నవి కావు. జాలి ఉంటే సభ గురించి ఊరుకునేవాణ్ణి.

ఆ సంచి చిత్తుకాగితాలవాడికి వేయనివ్వకండి. అడ్డంగా కూర్చోండి, మోకాళ్లు నొప్పెట్టినా సరే. ఇరవయ్యో తారీఖు పొద్దుటి బస్సుకి నేను వస్తున్నాను. ఎన్నింటికి చేరుతుందో దాన్నే అడగండి, తప్పు చెప్పదు. చిన్న ఇస్త్రీ పెట్టె తెచ్చుకుంటున్నాను. ఉండ చుట్టిన కాగితాలకి వేడి తక్కువ పెట్టి, పైన పలచటి గుడ్డ వేసి రుద్దితే మడతలు పోతాయి, అక్షరం చెదరదు. అది నా పక్కన కూర్చుని ఒక్కొక్కటే విప్పి ఇవ్వాలి, వరస దానికే తెలుస్తుంది. ఇస్త్రీ చేస్తూనే చదువుతాను. నాకిది మొట్టమొదటి రెండో భాగం, కాబట్టి నెమ్మదిగా చదువుతానని చెప్పండి.

ఇట్లు
గుండీ వాళ్ల నాన్న